నాలోక్సోన్ కిట్ల పంపిణీ లెక్క పక్కాగా ఉంచడం ఎలా? ఫారం నుంచి రీకాల్ దాకా

హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ల మోతాదు మించినప్పుడు ఆగిపోతున్న ఊపిరిని తిరిగి తెప్పించే మందు నాలోక్సోన్. దాని కిట్లు పంచే బృందాలకు ఇబ్బంది పంచేటప్పుడు రాదు, నెలాఖరులో వస్తుంది. స్టోరులో ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, ఏ ప్రాంతానికి ఎన్ని చేరాయి, వాటిలో ఎన్ని వాడారు అని అడిగితే ఒక్కో కాగితం ఒక్కో జవాబు చెబుతుంది. ఓపియాయిడ్ మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషి దగ్గర ఆ సమయానికి కిట్టు ఉందా లేదా అన్నదే అసలు సంగతి. అది తెలియాలంటే లెక్క నమ్మదగ్గదిగా ఉండాలి.

మందు ఎలా ఇవ్వాలో ఇక్కడ చెప్పడం లేదు. అది శిక్షణలో నేర్చుకోవాలి. ఇది రికార్డు పనికి మాత్రమే.

మొదటే ఒక నియమం పెట్టుకోండి. ఫారం నింపితేనే కిట్టు అనే మాట ఎక్కడా రాకూడదు. కిట్టు ముందు, కాగితం తర్వాత. రాయించుకోవడానికి ఇష్టపడని మనిషికే కిట్టు అవసరం ఎక్కువగా ఉండొచ్చు.

1. పని మొదలుపెట్టే ముందు: దేన్ని ‘ఒకటి’ అంటున్నాం?

లెక్కలు తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. 4 మి.గ్రా. ముక్కు స్ప్రే మామూలుగా ఒక పెట్టెలో రెండు వస్తాయి. ఒకరు పెట్టెను ఒకటిగా రాస్తారు, ఇంకొకరు స్ప్రేలు లెక్కేసి రెండు అని రాస్తారు. ఇంజెక్షన్ కిట్టులో 0.4 మి.గ్రా. సీసాలు రెండు ఉండొచ్చు, మూడూ ఉండొచ్చు. అన్నీ కలిపి కూడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

కిట్టునే ప్రమాణంగా తీసుకోండి. ఒక్కో రకం కిట్టులో ఎన్ని డోసులున్నాయో వేరే పట్టికలో ఒక్కసారి రాసి పెట్టుకుంటే, డోసుల సంఖ్యను షీటే లెక్కకడుతుంది. చేత్తో రెండూ రాయించొద్దు.

తర్వాత ఈ మాటలకు అర్థం ఖాయం చేసి, గోడ మీద అంటించండి:

- బదిలీ: మన స్టోరు నుంచి భాగస్వామి సంస్థకో, మన ఇంకో కేంద్రానికో వెళ్లినవి.
- పంపిణీ: వాడే అవకాశమున్న మనిషి చేతికి, లేదా అందరికీ అందుబాటులో పెట్టిన పెట్టెలోకి చేరినవి.
- రీఫిల్: ఇదివరకు కిట్టు తీసుకున్న మనిషి మళ్లీ తీసుకోవడం.
- వాడకం: ఓవర్‌డోస్ అనుకుని ఎవరికైనా ఇచ్చినట్టు మనకు చెప్పినవి.
- నష్టం: గడువు దాటినవి, పాడైనవి, శిక్షణలో విప్పినవి.

బదిలీనీ పంపిణీనీ కలిపేస్తే ఒకే కిట్టు రెండుసార్లు లెక్కకెక్కుతుంది. ప్రధాన కేంద్రం 100 కిట్లు పంపి ‘పంచాం’ అని రాసుకుంటుంది, అందుకున్న సంస్థ వాటినే పంచి మళ్లీ 100 రాస్తుంది. నివేదికలో 200 కనిపిస్తాయి. బయట ఉన్నవి వందే.

2. మూడు పుస్తకాలు, మూడూ వేరు

కాగితం మీదైనా షీటులోనైనా మూడు విడి రికార్డులు ఉంచండి.

1. స్టాక్ పుస్తకం. వచ్చినవి, బదిలీ అయినవి, పంపిణీకి తీసినవి, నష్టపోయినవి. బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఇందులో తప్పనిసరి.
2. పంపిణీ పుస్తకం. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని, ఎలాంటి వారికి.
3. వాడకం పుస్తకం. కిట్టు వాడామని వచ్చి చెప్పిన సంఘటనలు.

ఈ మూడింటినీ కలిపేది తేదీ, కేంద్రం కోడ్, బ్యాచ్ మాత్రమే. మనిషి పేరుతో కలపాల్సిన అవసరం ఎక్కడా రాదు. అంతా ఒకే పొడవాటి షీటులో పెడితే మొదట సులువుగానే ఉంటుంది, కానీ ఒక మనిషి మూడు కిట్లు తీసుకుని ఒకటి వాడిన రోజున ఆ వరుసలో ఏం రాయాలో ఎవరికీ తోచదు.

3. పంపిణీ ఫారం తయారుచేయడం

ప్రతి గడికీ ఒక పరీక్ష పెట్టండి. ఇందులో వచ్చే జవాబు మారితే మనం చేసే పని మారుతుందా? మారకపోతే ఆ గడి తీసేయండి. ‘తర్వాత ఎప్పుడైనా పనికొస్తుంది’ అని చేర్చిన గడులే వలంటీర్లకు విసుగు పుట్టించి, అసలు గడులు ఖాళీగా మిగిలేలా చేస్తాయి.

సరిపోయే గడులు ఇవి:

- తేదీ
- కేంద్రం కోడ్
- ఎలా ఇచ్చారు: చేతికి, పోస్టులో, పెట్టెలో
- మందు రూపం, బలం
- బ్యాచ్ నంబర్
- ఎన్ని కిట్లు, ఎంతమంది మనుషులకు; ‘ఇతరులకు ఇవ్వడానికి’ అయితే దానికో టిక్కు
- తీసుకున్నది ఎవరు: స్వయంగా ఓపియాయిడ్లు వాడేవారు, కుటుంబం లేదా స్నేహితులు, సేవా సిబ్బంది, చెప్పలేదు
- మొదటిసారా, రీఫిలా
- రీఫిల్ అయితే కారణం
- కిట్టు ఎక్కువగా ఏ ప్రాంతంలో ఉంటుంది (పెద్ద ప్రాంతం పేరు మాత్రమే, వీధి అక్కర్లేదు)

చివరి గడిని చాలామంది పట్టించుకోరు. కిట్టు ఇచ్చిన చోటు, అది వాడే చోటు ఒకటి కాకపోవచ్చు. ఊరి మధ్యలోని కేంద్రానికి వచ్చి తీసుకుని శివారుకు పట్టుకెళ్లేవారు ఉంటారు. కేంద్రం చిరునామానే మ్యాపులో గుర్తిస్తే మధ్య ఊరు నిండుగా, శివారు ఖాళీగా కనిపిస్తాయి.

ఖాళీ గడి, సున్నా, ‘తెలియదు’, ‘చెప్పలేదు’ నాలుగూ వేరు. ఆ చివరి రెంటికీ ఫారంలో టిక్కు పెట్టే చోటు ఇవ్వండి. లేకపోతే ఖాళీగా వదిలిన గడిని ఒకరు సున్నా అనుకుంటారు, ఇంకొకరు అడగడం మరిచారనుకుంటారు.

వాడకంలోకి తెచ్చే ముందు ఒక 20 ఫారాలు నింపించి, వాటినే ఇద్దరి చేత విడివిడిగా షీటులోకి ఎక్కించండి. ఏ గడిలో ఇద్దరి ఎంట్రీలు ఎక్కువగా తేడా వస్తాయో ఆ గడిలో ప్రశ్న రాసిన తీరే బాగాలేదన్నమాట. మనుషుల్ని మార్చకండి, ప్రశ్న మార్చండి.

4. చేతికిచ్చే వేళ క్రమం

1. కిట్టు ఇవ్వండి. గడువు తేదీ ఇద్దరూ చూడండి.
2. వాడే తీరు క్లుప్తంగా చెప్పండి: ఊపిరి అందించాలి, అంబులెన్సు పిలవాలి, 2–3 నిమిషాల్లో ఊపిరి తీరు మెరుగుపడకపోతే రెండో డోసు. మందు ప్రభావం 30–90 నిమిషాల్లో తగ్గిపోవచ్చు కాబట్టి మనిషిని ఒంటరిగా వదలొద్దని తప్పక చెప్పండి.
3. ‘రెండు మూడు ప్రశ్నలున్నాయి, ఇష్టం లేకపోతే వద్దు’ అని అడగండి.
4. వాళ్ల ఎదుటే టిక్కులు పెట్టండి. దాచి రాస్తే అనుమానం పుడుతుంది.
5. ‘వాడినా, పోయినా, గడువు దాటినా మళ్లీ రండి’ అని చెప్పి పంపండి.

ఒకరే 20 కిట్లు అడిగితే? ఇవ్వండి. వాళ్లు వాటిని కేంద్రం గుమ్మం ఎక్కని పది మందికి చేరవేస్తారు. ఫారంలో ‘ఇతరులకు ఇవ్వడానికి’ అని టిక్కు పెట్టి, కిట్లు 20, మనిషి 1 అని రాయండి. మనిషికి రెండే అని పరిమితి పెడితే రికార్డు చూడ్డానికి అందంగా ఉంటుంది, మందు మాత్రం చేరాల్సిన చోటికి చేరదు.

గోడ పెట్టెలు, యంత్రాల దగ్గర అడగడానికి మనిషి ఉండడు. అక్కడ లెక్క వెళ్లిన ప్రతిసారీ రెండు అంకెలతోనే: వెళ్లేసరికి మిగిలినవి ఎన్ని, కొత్తగా పెట్టినవి ఎన్ని. పోయినసారి పెట్టి వచ్చాక ఉన్న మొత్తంలోంచి ఇప్పుడు మిగిలినవి తీసేస్తే ఎన్ని వెళ్లాయో తెలుస్తుంది. వెళ్లేసరికి పెట్టె ఖాళీగా ఉంటే అది విజయం కాదు. ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో మనకు తెలియదన్నమాట. ఆ పెట్టెకు వెళ్లే రోజులు దగ్గర చేయండి.

5. రీఫిల్: అసలు సమాచారం దొరికేది ఇక్కడే

మొదటి కిట్టు ఎంతమందికి చేరిందో చెబుతుంది. రీఫిల్ కారణం మాత్రం ఆ కిట్టుకు ఏమైందో చెబుతుంది. అందుకే ఈ ఒక్క ప్రశ్నకూ శ్రద్ధ పెట్టండి: ‘పాతది ఏమైంది?’

జవాబుకు ఐదు గడులు చాలు: వాడాం, పోయింది, ఎవరో లాక్కున్నారు, ఇంకొకరికి ఇచ్చాం, గడువు దాటింది. ‘లాక్కున్నారు’ అనే గడిలో ఒకే ప్రాంతం నుంచి వరుసగా టిక్కులు పడుతున్నాయంటే ఆ సమస్య స్టోరులో తీరదు. లాక్కుంటున్నది ఎవరో కనుక్కుని వాళ్లతో మాట్లాడాలి.

‘వాడాం’ అంటేనే వాడకం ఫారం తీయండి. అందులో:

- సుమారుగా ఏ వారం
- ఏ ప్రాంతం, పెద్ద పేరుతో
- ఏ రూపం, ఏ బలం, ఎన్ని డోసులు
- ఊపిరి తిరిగి వచ్చిందా
- మెలకువ వచ్చిందా
- నోటితో గానీ మాస్కుతో గానీ ఊపిరి అందించారా
- అంబులెన్సు పిలిచారా
- చివరికి: బతికారు, చనిపోయారు, తెలియదు

ఊపిరినీ మెలకువనీ రెండు గడులు చేయడం అతి అనిపించొచ్చు. కానీ బజారులో అమ్మే మాదకద్రవ్యంలో జైలజీన్ లాంటి, ఓపియాయిడ్ కాని మత్తుమందు కలిసి ఉంటే నాలోక్సోన్ దాని మీద పనిచేయదు. ఊపిరి వస్తుంది, మనిషి కళ్లు తెరవడు. పక్కనున్నవారు కంగారుపడి మూడో డోసు, నాలుగో డోసు ఇస్తారు. రికార్డులో డోసులు మాత్రమే ఉంటే ‘మందు బలం చాలడం లేదు, పెద్ద బలం కొనాలి’ అని తేలుతుంది. ఊపిరి గడి ఉంటే మొదటి డోసుకే పని జరిగిందని కనిపిస్తుంది. అప్పుడు మార్చాల్సింది మందు కాదు, శిక్షణ. బలం పెంచితే మంచిదేనన్న నమ్మకానికీ ఆధారం తక్కువ. న్యూయార్క్ రాష్ట్ర పోలీసులు ఇచ్చిన డోసులను పోల్చి 2024లో వెలువరించిన ఫలితాల్లో 8 మి.గ్రా. స్ప్రేతో బతికినవారు 4 మి.గ్రా. కన్నా ఎక్కువేమీ లేరు. వాంతులతో సహా విత్‌డ్రాయల్ లక్షణాలు (మత్తు ఒక్కసారిగా దిగిపోవడంతో వచ్చే బాధలు) మాత్రం ఎక్కువగా కనిపించాయి.

ఒకే సంఘటన గురించి ఇద్దరు వచ్చి చెప్పడం మామూలే. వారం, ప్రాంతం, డోసులు మూడూ కలిస్తే ‘ఒకటే కావచ్చు’ అని గుర్తు పెట్టండి. వరుస చెరిపేయకండి, మొత్తం కూడేటప్పుడు ఒకటిగా లెక్కించండి.

మనిషి చనిపోయాడని చెబితే ఫారం పక్కన పెట్టేయండి. వినండి. కొత్త కిట్టు ఇవ్వండి. తెలిసినంత వరకు తర్వాత రాసుకోవచ్చు.

6. నెలనెలా స్టాక్ సరిచూడటం

సూత్రం అందరికీ తెలిసిందే: ప్రారంభ నిల్వ + వచ్చినవి + తిరిగి వచ్చినవి − బదిలీ − పంపిణీ − నష్టం = ముగింపు నిల్వ.

ఉదాహరణకు 180 + 300 + 10 − 90 − 120 − 4 = 276. అరలో లెక్కేస్తే 271 ఉన్నాయనుకుందాం. ఐదు ఎక్కడ? ఈ వరుసలో వెతకండి:

1. వలంటీర్ల సంచులు. చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.
2. ఇంకా షీటుకెక్కని ఫారాలు, ముఖ్యంగా నెల చివరి రెండు రోజులవి.
3. శిక్షణలో చూపడానికి విప్పిన కిట్లు. ఇవి ఎవరూ రాయరు.
4. పెట్టెకు బదులు స్ప్రేలు లెక్కేసిన ఎంట్రీ.
5. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 54కి బదులు 45 రాస్తే తేడా 9 వస్తుంది.

అప్పటికీ దొరకకపోతే ‘సర్దుబాటు −5, కారణం తెలియలేదు’ అని కొత్త వరుస వేసి, తేదీ, సంతకం పెట్టండి. పాత అంకె దిద్దకండి. సర్దుబాటు కనిపించే పుస్తకాన్ని నమ్మొచ్చు. ఏ నెలా తేడా రాని పుస్తకం ఉందంటే, అర లెక్కపెట్టకుండా రాస్తున్నారని అర్థం.

లెక్కపెట్టేవారు, షీటు చూసేవారు వేరువేరు మనుషులైతే మేలు. ‘276 ఉండాలి’ అని ముందే తెలిసినవారికి 276 కనిపిస్తాయి.

7. ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి

ఆర్డర్ స్థాయి = నెల సగటు పంపిణీ × సరుకు రావడానికి పట్టే నెలలు + అత్యవసర నిల్వ.

ఆరు నెలల పంపిణీ 230, 250, 240, 90, 240, 240 అనుకోండి. కూడి ఆరుతో భాగిస్తే 215. కానీ ఆ 90 వచ్చిన నెలలో సగం రోజులు స్టాకే లేదు. అవసరం తగ్గి కాదు, ఇవ్వడానికి లేక 90 అయింది. ఆ నెల తీసేస్తే సగటు 240. సరుకు రావడానికి నెలన్నర పడితే 360, ఒక నెల అత్యవసర నిల్వ 240, మొత్తం 600. అరలో ఉన్నవి, దారిలో ఉన్నవి కలిపి 600కు దిగగానే ఆర్డర్ పెట్టాలి.

స్టాక్ అయిపోయిన నెలను సగటులో ఉంచితే తక్కువ తెప్పిస్తారు, మళ్లీ అయిపోతుంది, సగటు ఇంకా పడుతుంది. అందుకే స్టాక్ లేని రోజులకు షీటులో ఒక గడి కేటాయించండి. వచ్చి ఖాళీ చేతులతో వెళ్లినవారి సంఖ్య కూడా రాయగలిగితే నిధులు అడిగేటప్పుడు అంతకు మించిన వాదన లేదు.

8. గడువు, బ్యాచ్, షీటు పెట్టే తంటాలు

ముందు గడువు ముగిసేదే ముందు బయటికి వెళ్లాలి. ముందు వచ్చింది ముందు అనే పద్ధతి ఇక్కడ సరిపోదు. తర్వాత వచ్చిన సరుకుకే గడువు దగ్గరగా ఉండొచ్చు. ఆరు నెలలే మిగిలిన కిట్లను చురుగ్గా కదిలే కేంద్రానికి పంపండి. ఇంట్లో అరలో ఉంచుకునేవారికి ఎక్కువ గడువున్నవి ఇవ్వండి.

- కిట్టులో సీసా, సిరంజి రెండూ ఉంటే ఏది ముందు ముగుస్తుందో అదే కిట్టు గడువు.
- నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల ఆఖరి రోజు వరకు అని అర్థం.
- గడువును మీరు లెక్కకట్టకండి, పెట్టె మీదున్నదే రాయండి. నాలోక్సోన్ బ్రాండుల్లో ఒకటైన 4 మి.గ్రా. నార్కాన్ స్ప్రేకు 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గడువును మూడేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచింది. అయితే అది ఆ తర్వాత తయారైన వాటికే. పాత పెట్టెల మీద తేదీ దిద్దకూడదు.
- గడువు దాటినవి పంచొద్దు. కానీ ఓవర్‌డోస్ వేళ చేతిలో అదొక్కటే ఉంటే వాడమనే చెప్పండి.
- నిల్వ వేడి కూడా రాయండి. నార్కాన్ స్ప్రేను 25 డిగ్రీల లోపు ఉంచాలి, కొంతసేపు 40 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, గడ్డకట్టనివ్వకూడదు. ఎండలో నిలిపిన బండి స్టోరు కాదు.

షీటు వల్ల వచ్చే చిక్కులు వేరు. బ్యాచ్ నంబర్ సున్నాతో మొదలైతే షీటు ఆ సున్నా మింగేస్తుంది. అంకెల మధ్య ‘E’ అనే ఆంగ్ల అక్షరం ఉంటే దాన్ని ఘాతాంకం అనుకుని పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. ఎంట్రీ మొదలుపెట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి, తర్వాత మారిస్తే పోయినవి తిరిగి రావు. తేదీలో నెలను అక్షరాల్లో రాయించండి. 03-04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అని ఆరు నెలల తర్వాత ఎవరూ చెప్పలేరు.

9. అంకెల్ని ఎలా చదవాలి

కిట్ల మొత్తం ఒక్కటే చూపితే ఏమీ తెలియదు. లక్ష జనాభాకు ఎంత అన్నది చూడండి. 80,000 మంది ఉన్న ప్రాంతంలో 160 మంది కొత్తగా కిట్టు తీసుకుంటే లక్షకు 200.

పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2002–2009 మధ్య 19 ప్రాంతాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, లక్షకు 100 మందికి మించి శిక్షణ, కిట్టు అందుకున్న చోట్ల ఓపియాయిడ్ ఓవర్‌డోస్ మరణాల రేటు కార్యక్రమం లేని చోట్ల కన్నా 46 శాతం తక్కువగా తేలింది. లక్షకు 1–100 ఉన్న చోట్ల 27 శాతం తక్కువ. అయితే అది ఫెంటనిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్ ముంచెత్తక ముందటి కాలం. దాన్ని కనీస హద్దుగా తీసుకోండి, లక్ష్యంగా కాదు.

వాడకం రిపోర్టుల మొత్తాన్ని ‘కాపాడిన ప్రాణాలు’ అని రాయకండి. వచ్చి చెప్పనివారు ఎందరో ఉంటారు, మందు లేకపోయినా బతికేవారు కొందరు ఉంటారు. ‘మాకు చెప్పిన వాడకాలు’ అనండి చాలు. మరో సంగతి: వాడకం రిపోర్టులు పెరిగితే ఓవర్‌డోస్‌లు పెరిగాయనే కాదు, జనం మిమ్మల్ని నమ్మి వచ్చి చెబుతున్నారని కూడా కావచ్చు. అంబులెన్సు కాల్స్ పక్కన పెట్టి చూస్తే ఈ రెంటిలో ఏది నిజమో తేలుతుంది. మరణాల లెక్కలు నెలల తరబడి ఆలస్యంగా వస్తాయి కాబట్టి వాటి కోసం ఆగకండి.

10. గోప్యత

- పేరు, ఫోను, చిరునామా పంపిణీ ఫారంలోకి రానివ్వకండి. పోస్టులో పంపేటప్పుడు చిరునామా తప్పదు, కిట్టు చేరాక చెరిపేయండి.
- మనిషిని గుర్తించే కోడ్ తప్పనిసరైతే, తెలిసినవారు ఊహించగల ముక్కలతో కట్టొద్దు. పేరులో అక్షరం, పుట్టిన సంవత్సరం కలిపితే చిన్న ఊళ్లో ఎవరో తెలిసిపోతుంది.
- నింపిన ఫారం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం పూర్తిగా నిషేధం. ఈ తప్పు జరగని చోటు అరుదు.
- 5 కన్నా తక్కువ వచ్చిన అంకెను ప్రాంతం పేరుతో బయట పెట్టకండి, పక్క ప్రాంతంతో కలిపి చూపండి.
- కాగితాలు ఎన్నాళ్లు ఉంచాలో ముందే రాసుకుని, ఆ రోజు రాగానే ముక్కలు చేయండి. మీ దగ్గర లేని సమాచారాన్ని ఎవరూ అడిగి పట్టుకుపోలేరు.

11. రీకాల్ రిహార్సల్

ఏడాదికి రెండుసార్లు, ఎవరికీ ముందు చెప్పకుండా, ఒక బ్యాచ్ నంబర్ ఎంచుకోండి. ఆ బ్యాచ్ వెనక్కి తెప్పించాలి అనుకుని గడియారం పెట్టండి.

1. స్టాక్ పుస్తకంలో ఆ బ్యాచ్ ఎప్పుడు, ఎన్ని వచ్చాయో తీయండి.
2. ఏ కేంద్రాలకు, ఏ పెట్టెలకు వెళ్లాయో పట్టిక చేయండి.
3. అక్కడ ఇంకా ఉన్నవెన్ని అని ఫోను చేసి, మనిషి చేత అరలో లెక్కపెట్టించండి. షీటు చూసి చెబితే ఒప్పుకోవద్దు.
4. పంపిణీ అయినవి, మిగిలినవి, నష్టం కలిపితే వచ్చిన సంఖ్యకు సరిపోతోందా?
5. మనుషుల పేర్లు లేవు కాబట్టి కేంద్రాల్లో అంటించే నోటీసు, వలంటీర్లు చెప్పే మాట ఇప్పుడే రాసి పెట్టుకోండి: బ్యాచ్ నంబర్ పెట్టె మీద ఎక్కడ ఉంటుంది, మార్చుకోవడానికి ఎక్కడికి రావాలి, కొత్తది చేతికొచ్చేదాకా పాతది పారేయాలా వద్దా.

ఒక్క పని దినంలో ఇది పూర్తి కాకపోతే ఎక్కడ ఆగిందో చూడండి. సాధారణంగా ఆగేది రెండో అడుగులో, బదిలీ చీటీ మీద బ్యాచ్ నంబర్ రాయకుండా ‘కిట్లు 40’ అని మాత్రమే రాసిన చోట.